నేను పట్టుకున్న కాళ్ళు

నన్ను కన్నది మా అమ్మే గానీ, పెంచింది మా మేనత్త. తమ్ముని కాన్పులో అమ్మ పోయింది. అప్పటికి నాకు మూడేళ్ళట. అత్తది నెక్కొండ. భర్త పోయి, కన్న ముగ్గురు పిల్లలూ ఒకరి వెనక ఒకరు పసితనంలోనే పోయి, ఒంటరిగా ఉన్న మనిషి. అమ్మ పోయిందని తెలిసి రైలెక్కి వచ్చి, పురిటిగుడ్డును ఒళ్ళోకి తీసుకున్నది. మళ్ళీ తిరిగి పోలేదు.

మాది కాశిబుగ్గ. మా వాడంతా నేతవాళ్ళే. నేనూ తమ్ముడూ పెద్దయ్యాక ఇంట్లో రెండు మగ్గాలు నడిచేవి. అత్త నూలు కండెలు చుట్టేది, నిలువు పోగుల పడుగు గట్టిపడేందుకు గంజి కాచేది. వాడలో ఏ పసిబిడ్డకు ఏం జరిగినా ముందు అత్త కోసమే మనిషి వచ్చేవాడు. కడుపు ఉబ్బితే వాము నూరి పట్టేది. బెణికితే తోమేది. కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకునే పిల్లలకు మాత్రం చురకలు పెట్టేది. అంటే, ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి పొట్ట మీద అంటించడం. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదట. ఆ పిల్లల్లో బతికినవాళ్ళు ఉన్నారు, పోయినవాళ్ళూ ఉన్నారు. బతికితే అత్త చేతి చలువ అనేవాళ్ళు. పోతే పక్షి నీడ పడిన దోషం అనేవాళ్ళు.

అవి పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. నూలు దొరకడం కష్టంగా ఉండేది. ఎట్లాగో దొరికిన నూలుతో పడుగు చేసి, ఒక ఉదయం వాకిటి ముందు బజారు పొడుగునా చాపి గంజి పెడుతున్నాం. ఎండ ముదరకముందే పని ముగియాలి. అప్పుడే దవాఖాన నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో సంచి. కోస్తా జిల్లాల మనిషి. ఆమె మాట వింటుంటే మా వాడ ఆడవాళ్ళకు నవ్వొచ్చేది.

"ప్రతి బుధవారం మధ్యాహ్నం దవాఖాన వరండాలో తల్లులకి చెబుతున్నామండీ. పిల్లలకి కాలితే ఏం చెయ్యాలి, గొంతులో ఏదైనా అడ్డం పడితే ఏం చెయ్యాలి, జ్వరం వస్తే ఏం చెయ్యాలి అన్నీ. మీ ఇంట్లోవాళ్ళని పంపించండి బాబూ," అన్నది నాతో.

"అమ్మా, పడుగు తడి మీదున్నది. జర ఆ దిక్కుకెళ్ళి పోండ్రి, కాలు తగిల్తే పోగులు తెగుతయి. మా పిల్లలను అర్సుకోనీకి మా అత్త ఉన్నది," అన్నాను.

"మీ అత్తగారిని కూడా రమ్మనండి. అందరం కలిసి నేర్చుకుందాం."

ఆమె సందు మలుపు తిరిగాక, గంజి కుండ పట్టుకుని గడపలో నిలబడ్డ అత్త మెల్లగా అడిగింది. "పోయి ఇనొద్దా ఏందిరా? ఏం జెప్తదో సూద్దునా?"

"నీకు తెల్వనిది ఆమెకేం తెలుసే అత్తా?" అన్నాను, కుంచె ముంచుకుంటూ.

నేను మెచ్చుకున్నాననుకుని అత్త నవ్వింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వానకాలంలోనే మా పెద్దబిడ్డకు జ్వరం వచ్చింది. దానికి ఏడాదిన్నర. జ్వరమొస్తే గాలి తగలకూడదని మేం నేర్చుకున్నదంతా చేశాం. తలుపులు మూశాం, రెండు దుప్పట్లు కప్పాం. పొద్దున నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నానో లేదో, లోపల నా భార్య కేక పెట్టింది.

వెళ్ళేసరికి బిడ్డ కళ్ళు తేలేసింది. దవడలు బిగుసుకున్నాయి. చేతులూ కాళ్ళూ ఒకటే కొట్టుకుంటున్నాయి. పెదాలు నల్లబడుతున్నాయి. అత్త అప్పటికే పొయ్యిలో చువ్వ పెట్టింది.

"వద్దత్తమ్మా, దవాఖానకు తోల్కపోదాం," అని నా భార్య ఏడ్చింది.

"జట్కా దొరికి, మనం పోయేదాంక బిడ్డ ఆగుతదా?" అని అత్త నా వైపు తిరిగింది. "కాళ్ళు వట్టుకోరా. గట్టిగ వట్టుకో. కదలనియ్యకు."

పట్టుకున్నాను.

ఈ మాట ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. నేను పట్టుకున్న కాసేపటికే ఆ కాళ్ళు మెత్తబడ్డాయి. బిగుసుకున్న పిక్కలు నా పిడికిళ్ళలో సడలడం నాకు తెలిసింది. కనుపాపలు కిందికి దిగాయి. బిడ్డ నన్ను చూసింది కూడా. మూర్ఛ దానంతట అదే విడిచిపోతున్నది. అత్త పొయ్యి దగ్గర నుంచి అప్పుడే లేచి వస్తున్నది. ఆమెకు అదేం కనిపించలేదు, చువ్వ చల్లారుతుందన్న ఆదుర్దాలో ఉన్నది. "ఆగత్తా" అనడానికి నాకు వ్యవధి ఉన్నది. అనలేదు. పెద్దమనిషి చేస్తున్నది, చేయనీ అనుకున్నానేమో. మళ్ళీ వస్తే ఎట్లా అని భయపడ్డానేమో. కాళ్ళు గట్టిగా పట్టుకునే ఉన్నాను. అత్త బొడ్డు చుట్టూ మూడు చోట్ల అంటించింది. బిడ్డ పెట్టిన కేక గురించి రాయను.

వాడంతా వచ్చి అత్త చేతులు మెచ్చుకున్నది. నాలుగో రోజుకు పుండ్లు చీము పట్టాయి. జ్వరం మళ్ళీ ఎక్కింది. అప్పుడు జట్కా కట్టించుకుని దవాఖానకు పోయాం. కట్టు కట్టడానికి వచ్చింది ఆ నర్సమ్మే. నన్ను గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు, నేను మాత్రం తల ఎత్తలేదు.

"ఎవరు పెట్టారివి?" అని అడిగింది.

"మా అత్త," అన్నాను.

నా భార్య నా ముఖంలోకి చూసింది.

నర్సమ్మ తిట్టలేదు. పుండు కడుగుతూ, బిడ్డ ఏడుస్తుంటే దానితో ఏదో ముద్దుగా మాట్లాడుతూ, మధ్యలో నాతో అన్నది. "జ్వరం బాగా ఎక్కితే ఈ వయసు పిల్లల్లో కొంతమందికి ఇలా మూర్ఛ వస్తుంది బాబూ. చాలామందికి కాసేపట్లో దానంతటదే పోతుంది. మీరు చురక పెట్టకపోయినా తగ్గేదే."

తిట్టినా బాగుండేది.

పదిహేను రోజులు కట్టు మార్పించుకోవడానికి తిరిగాం. అందులో ఒక బుధవారం వరండాలో ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉంటే, నేనూ పోయి ఒక స్తంభం పక్కన కూర్చున్నాను. నా భార్య మళ్ళీ కడుపుతో ఉన్నది, మాటిమాటికీ అంత దూరం తిరగలేకపోయేది. అందుకని వచ్చానని చెప్పాను. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకామె, "ఏందన్నా, నువు గూడ కంటవా?" అన్నది. రెండో బుధవారానికి వాళ్ళకూ అలవాటైపోయింది.

నర్సమ్మ దగ్గర పాతచీర గుడ్డతో కుట్టిన బొమ్మ ఒకటి ఉండేది. లోపల దూది కూరి, తలకు నల్లదారం కుట్టింది. దాన్ని ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చి చేసి చూపమనేది. మూర్ఛ వస్తే కింద మెత్తగా పరిచి బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నురగో కక్కో వస్తే బయటికి పోయేట్టు. బట్టలు వదులు చెయ్యాలి. కొట్టుకునే కాళ్ళూ చేతులూ అదిమి పట్టకూడదు. నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఏమీ దూర్చకూడదు. తలుపులు తెరవాలి. జ్వరంగా ఉన్న ఒళ్ళు గోరువెచ్చని నీళ్ళల్లో ముంచిన బట్టతో తుడవాలి. తర్వాత ఆలస్యం చెయ్యకుండా దవాఖానకు తేవాలి.

"అదిమి పట్టకూడదు" అన్నప్పుడు బొమ్మ నా చేతుల్లో ఉన్నది. దాని కాళ్ళు రెండూ నా పిడికిట్లో ఉన్నాయి. ఎవరూ గమనించకముందే వదిలేశాను.

కట్లు కట్టడం నాకు కుదిరినంత బాగా ఎవరికీ కుదిరేది కాదు. పోగులు ముడివేసే చేతులు కదా. నర్సమ్మ మెచ్చుకునేది. ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పేవాణ్ణి, మరదలికి, అంటే తమ్ముని భార్యకు, చెప్పేవాణ్ణి. అత్తకు చెప్పలేదు. ఆమె కండెలు చుట్టుకుంటూ అటు తిరిగి కూర్చునేది. వింటున్నదని నాకు తెలుసు. ఒక బుధవారం నేను చెప్పులేసుకుంటుంటే, "నేను గూడ రావాల్నా?" అని అడిగింది. "నువ్వెందుకు తీ" అన్నాను. లోపల కోపం. ఆమె మీదనో నా మీదనో విడదీసి చూసుకోలేదు. ఆమె మీదనే అనుకోవడం తేలికగా ఉండింది.

బిడ్డకు మాటలొచ్చాక పొట్ట చూపించి, "ఇదేంది బాపూ?" అని అడిగేది. అత్తను చూపించి, "అవ్వ పెట్టింది" అనేవాణ్ణి. అంత మటుకే. అది అబద్ధం కాదు. బిడ్డ అత్తను చూస్తే తల్లి వెనక్కు చేరేది. అత్త బువ్వ కలిపి ముద్ద చేతిలో పెట్టుకుని ఎంతసేపు పిలిచినా పోయేది కాదు. కాసేపు చూసి అత్త ఆ ముద్ద తనే తినేది. నా దగ్గరికి మాత్రం బిడ్డ ఉరుక్కుంటూ వచ్చి ఒళ్ళో కూర్చునేది.

మరో ఏడాదికి తమ్ముని కొడుక్కి జ్వరంలో అట్లాగే మూర్ఛ వచ్చింది. వాడికి పది నెలలు. మరదలి అరుపు విని మగ్గం విడిచి పరుగెత్తాను. అత్త చువ్వ పట్టుకుని పొయ్యి దగ్గర వంగి ఉన్నది. ఆ చువ్వ గుంజుకుని వాకిట్లోకి విసిరేశాను.

"ఇంకెంతమందిని కాలుస్తవే?" అన్నాను. వాకిట్లో జనం ఉన్నారు. అందరి ముందూ అన్నాను.

అత్త గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నేను పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టి, చొక్కా విప్పి, తలుపులు తెరిపించాను. కొట్టుకోవడం కాసేపటికి తగ్గింది. ఒళ్ళు తుడుస్తుంటే ఏడుపు మొదలుపెట్టాడు. తమ్ముడు జట్కా తెచ్చాడు. దవాఖానలో చూసి, మందిచ్చి, భయం లేదన్నారు.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి అత్త ఆ గోడ దగ్గరే కూర్చుని ఉన్నది. పొయ్యి ముట్టించలేదు. నేను కాళ్ళు కడుక్కుంటుంటే అడిగింది.

"గంతేనా బిడ్డా? పక్కకు పండవెట్టుడు, తడిబట్టతోని తుడుసుడు... గంతేనా?"

"గంతే."

తర్వాత నాతో కాదన్నట్టు, నేలకేసి చూస్తూ అన్నది. "నా ముగ్గురికి గూడ నేనే వెట్టిన. మా యమ్మ కాళ్ళు వట్టుకునేది."

అంతవరకు నాకా సంగతి తెలియదు. ఆమె పిల్లలు ఎట్లా పోయారని నేనెన్నడూ అడగలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. అన్ని జబ్బులూ ఆ తడిబట్టతో పోవని, దవాఖానకు తెచ్చినా దక్కని పిల్లలుంటారని నర్సమ్మే చెప్పింది. ఆ ముగ్గురిదీ ఏ జబ్బో ఎవరికి తెలుసు? నీ బిడ్డలు నీ చేతుల మీదుగా పోలేదు అత్తా, అని ఒక్క మాట అనొచ్చు. కనీసం ఆమె పక్కన కూర్చోవచ్చు. నేను తువ్వాలతో కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాను.

ఆ తర్వాత ఎవరు పిలిచినా అత్త పోలేదు. "దవాఖానకు తోల్కపోండ్రి" అని కూర్చున్న చోటి నుంచే చెప్పేది. వాడలో వాళ్ళు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పోలీసు చర్య అయిన మరుసటేడు అత్త మంచం పట్టింది. చివరి రోజుల్లో మా పెద్దబిడ్డను ఒకసారి దగ్గరికి రమ్మన్నది. అది గుమ్మం దాకా వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. "పో బిడ్డా, ఏం గాదు" అన్నాను నేను. పోలేదు. "పోనియ్యిరా, భయపెట్టకు" అన్నది అత్త.

కాళ్ళు పట్టుకున్నది నేనేనని బిడ్డకు అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

చెప్పింది చాలా ఏళ్ళకు. బిడ్డకు పెళ్ళై, మొదటి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. పసివాడికి జ్వరమొస్తే ఏం చెయ్యాలో నన్నడిగి నేర్చుకుంటున్నది. ఒక మధ్యాహ్నం పిల్లవాడు నిద్రపోతుంటే మొత్తం చెప్పాను. పడుగు దగ్గర నుంచి పంపేసిన నర్సమ్మ గురించి, నా చేతుల్లో మెత్తబడ్డ కాళ్ళ గురించి, "ఆగు" అనకపోవడం గురించి.

అది వింటూ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నది. నన్నేమైనా అంటుందని ఎదురుచూశాను.

"నువ్వు వట్టుకోకుంటె ఇంకోలు వట్టుకుందురు బాపూ," అన్నది చివరికి. "గని, అవ్వ చేతి ముద్ద ఒక్కనాడన్న తినకపోతిని. గంత సేపు చెయ్యి చాపి కూసునేది. నువ్వు అప్పుడే చెప్పకపోతివి."

పిల్లవాడు కదిలాడు. అది లేచి వెళ్ళి వాడి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.