పుస్తకం లెక్కలో నా కాన్పు

ఆ రోజుల్లో అచ్చులో కనిపించిందల్లా నిజమేనని నా నమ్మకం. డిగ్రీ మధ్యలో ఆపి బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పనిలో చేరినదాన్ని, ఆగిపోయిన చదువు తాలూకు బాధను లైబ్రరీలో తీర్చుకునేదాన్ని. సెలవు దొరికితే ఫ్యాను కింది కుర్చీ పట్టుకుని, తేనెటీగల నుంచి మూత్రపిండాల వరకు ఏది దొరికితే అది చదివి, ఇంటికొచ్చి అందరికీ వివరించేదాన్ని (ఎవరూ అడగకపోయినా). "మా పిల్ల డాక్టర్లకు సుత చెప్తది" అని అమ్మ మురిసిపోయేది.

అందుకే నెల తప్పగానే ఆసుపత్రి కంటే ముందు లైబ్రరీకి వెళ్లాను. ఒక లావుపాటి పుస్తకంలో సూత్రం దొరికింది. చివరి నెలసరి మొదటి రోజు నుంచి మూడు నెలలు వెనక్కి జరిగి ఏడు రోజులు కలిపితే, మరుసటి ఏడాది ఆ తేదీకే కాన్పు! ఇంత సులువైన దానికి జనం డాక్టర్ల చుట్టూ ఎందుకు తిరుగుతారో నాకు అర్థం కాలేదు. యాప్రాల్‌లోని మా అద్దింట్లో క్యాలెండర్ మీద ఎర్రగా సున్నా చుట్టేశాను. "అంత పక్కానా?" అన్నారు మా ఆయన. "పక్కా" అన్నాను.

స్కానింగ్ చూసిన డాక్టరమ్మ మాత్రం కాన్పు పది రోజులు ఆలస్యంగా అవుతుందంది. నేను సూత్రం అప్పజెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "నీకు నెలనెలా టైముకే వస్తదా?" అని అడిగింది. "లేదు మేడమ్, జెర లేటుగనే వస్తది." "మరి ఆ పుస్తకం నీ గురించి రాసింది కాదమ్మా" అంది. (తరువాతి పేజీలో సరిగ్గా ఈ సంగతే ఉందట. సూత్రం దొరికిన సంబరంలో నేను పేజీ తిప్పితే కదా!)

తొలికాన్పు కదా, సీతాఫల్‌మండిలో అమ్మ దగ్గరికి వచ్చాను. అమ్మ మల్కాజ్‌గిరిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. రెండు వారాలకు మించి సెలవు ఇచ్చేది లేదని బడివాళ్లు ముందే చెప్పేశారు. నొప్పులప్పుడు నా పక్కన ఉండాలన్నదొక్కటే అమ్మ కోరిక. "ఏ తారీఖు నుంచి అడగాలె? డాక్టరమ్మది రాయాల్నా, నీది రాయాల్నా?" అంది. "నాది రాయమ్మా" అన్నాను. మారుమాట లేకుండా నాదే రాసింది.

ఎర్ర సున్నా రోజు వచ్చింది, పోయింది. బిడ్డ బయటికి రాలేదు, ఫోన్లు మాత్రం షురూ అయ్యాయి. పైవాటా ఆంటీ మెట్లు దిగినప్పుడల్లా "ఇంకా కాలే?" అనేది. అమ్మ నా తలకు నూనె పెడుతూ, "ఏందే, ఇయ్యాల ఏమంటుంది నీ పుస్తకం?" అని నవ్వేది. సర్వపిండి చేసి, పెనం నుంచి తీసింది తీసినట్టు పెట్టేది. మధ్యాహ్నాలు ఇద్దరం చాప మీద పడుకుంటే, తన పెళ్లికి ముందు సంగతులు చెప్పేది. నవ్వుతూనే ఉన్నా, కరిగిపోతున్న సెలవు చూస్తే నాకు గుబులుగా ఉండేది.

సెలవు అయిపోయింది. అమ్మ గేటు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి బడికి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన పరుగున వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లారు. బడి వదిలే వేళకు గానీ అమ్మకు కబురు అందలేదు. ఆటో దొరికి, చేతికంటిన సుద్దపొడితోనే ఆమె వచ్చేసరికి నా కూతురు పుట్టి, ఏడ్చి, నిద్ర కూడా పోయింది. నా తేదీకీ కాదు, డాక్టరమ్మ తేదీకీ కాదు.

నాకు ఏడుపొచ్చింది. "నా లెక్కతోని నీ సెలవంత ఖరాబైందమ్మా" అన్నాను.

అమ్మ బిడ్డ వైపు చూడలేదు, ముందు నా నుదుటి మీద చెమట తుడిచింది. "ఏం ఖరాబు? పెండ్లైనంక నా బిడ్డ నా దగ్గర రెండు వారాలు ఎప్పుడున్నది? నువ్వు దుకాణం అని, నేను బడి అని. నీ పుస్తకం పుణ్యాన దొరికినయ్" అని, అప్పుడు వంగి మనవరాలిని ఎత్తుకుంది.

ఇప్పుడు మా దుకాణంలో కొత్తగా పెళ్లైన అమ్మాయిలు ఫోన్‌లో చూసి తమ కాన్పు తేదీ చెబుతుంటారు. నేను పెద్దరికంగా కళ్లద్దాలు సవరించుకుని, "ఆ తారీఖుకు రెండు వారాల ముందే మీ అమ్మను రమ్మను" అంటాను. ఎందుకక్కా అని అడిగితే, చదివానని చెబుతాను. ఏ పుస్తకంలో అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.