ముగ్గురాయి కుప్ప

1956 నవంబరు మొదటి తేదీన రాజధాని కర్నూలును విడిచి హైదరాబాదుకు వెళ్లింది. అదే వారంలో సూయజ్ కాలువ దగ్గర యుద్ధం జరిగి ఓడల దారి మూసుకుపోయింది. పులివెందుల దారిలోని ముగ్గురాయి (బెరైటీస్) గనిలో పనిచేసే రామేశ్వరమ్మకు ఈ రెండూ తెలియవు. రాయి ఎత్తుకుపోయే లారీ రావడం మానేసిందని మాత్రం తెలుసు.

ఆమెది దూరాన కర్నూలు జిల్లాలోని కోసిగి ప్రాంతం. భర్త పోయాక, వానలు లేని ఒక ఏడాది కూలికి వచ్చి ఇక్కడే నిలిచిపోయింది. గనిలో ఆడవాళ్లు జట్టుగా పనిచేస్తారు. గుంతలోంచి పైకొచ్చిన రాయిని సుత్తితో కొట్టి, ఎర్రచారలున్న అంచులు తీసేసి, తెల్లరాయిని ఒకే కుప్పగా పోస్తారు. కుప్పలో ఎరుపు కనిపిస్తే తప్పు జట్టంతటిదీ.

దీపావళికి ముందు మేస్త్రీ ప్రకాశం కుప్పలోంచి ఒక ఎర్రచార రాయి తీసి పక్కన పారేశాడు. అది రామేశ్వరమ్మ కొట్టిన రాయి. చార సన్నదే కదా అని వదిలేసింది. ఆ వెంటనే లారీ ఆగింది. జట్టు పెద్ద సుంకులమ్మ ఈ రెంటికీ ముడివేసింది.

"కోసిగి కండ్లకు ఎరుపు గూడా తెల్లగానే కనపడతాదేమో," అంది.

గని ఆగినా వేరుశనగ పెరికే పనులున్నాయి. అయితే రైతులు పిలిచేది జట్టునే, ఒంటి మనిషిని కాదు. రోజూ పొద్దున రామేశ్వరమ్మ తట్ట పట్టుకుని గుడిసె ముందు నిలబడేది. జట్టు ఆగకుండా దాటిపోయేది. చివరికి ఆమె మూట కట్టింది. కోసిగిలోనూ పని లేదని తెలుసు. గని సుత్తిని అప్పగించి పోదామని ప్రకాశం ఇంటికి వెళ్లేసరికి, కడప నుంచి అప్పుడే దిగిన అతని చుట్టూ జట్టంతా చేరి ఉంది.

"మన రాయి ఒక్కటే గాదు, అన్ని గనుల రాయీ రైల్వే షెడ్డులోనే పడుండాది," అన్నాడు ప్రకాశం. "సూయజ్ అని యాడో కాలువ ఉండాదంట. దాండ్లో ఓడలు ముంచినారంట. మన రాయి పోయే దావ అదే."

"యాడో ఓడలు మునిగితే ఈడ నా పొయ్యి ఆరిపోవల్లనా?" అంది సుంకులమ్మ.

రామేశ్వరమ్మ ముందుకు వచ్చింది. "అయితే నా రాయి వల్ల గాదు గదప్పా?"

"ఓడలు ముంచేకి నీ రాయికి అంత బలం యాడిదిమ్మా?"

అందరూ నవ్వారు. సుంకులమ్మ నవ్వలేదు. మరునాడు పొద్దున జట్టు గుడిసె ముందు ఆగింది.

"మూట విప్పి తట్ట తెచ్చుకో. శెనక్కాయలు పెరికేకి పోతాండాం," అంది సుంకులమ్మ.

"ఓడలు మునిగినాయని పిలుస్తాండావా, అక్కా?"

"నీతో మాటలు పెట్టుకుంటే పొద్దెక్కుతాది, పా."

వేసవిలో కాలువ తెరుచుకుంది, లారీ తిరిగి వచ్చింది. ఆ యుద్ధం ఎవరెవరు చేశారో రామేశ్వరమ్మకు ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. తాను కొట్టిన ప్రతి రాయినీ సుంకులమ్మకు పట్టి చూపిన తరువాతే కుప్పలో వేసేది. కొన్నాళ్లు చూసి సుంకులమ్మ విసుక్కుంది.

"శానా చూసినాలే. ఎయ్యి ఇంగ."