ట్రైలోబైటు కాళ్లు

నందిగామ సైన్సు మాస్టారు ప్రేమదాసు గారి జేబులో సుద్దముక్కలతోపాటు రాయిగా మారిన పురుగొకటి ఉండేది. కోట్ల ఏళ్ల కిందట సముద్రపు బురదలో పాకిన ట్రైలోబైటు. మాట్లాడుతూనే దాని వీపు గీతలు నిమిరేవారు. అదెలా తినేదో పదేళ్లుగా బొమ్మలు వేసి చెప్పినా ఒక్కరికీ ఎక్కలేదు. 1958 వేసవిలో చర్చి గోడ లేస్తోంది. సంఘమంతా వరుసగా నిలబడి ఇటుకలు చేతులు మారుస్తుంటే, మధ్యలో ఉన్న ఆయన పక్కనున్న సౌభాగ్యమ్మ అందించిన ఇటుక పట్టుకుని ఆగిపోయారు. "ఇట్టాగేనమ్మా సౌభాగ్యమ్మా! మనమంతా దాని కాళ్లం! బురదలో దొరికిందాన్ని ఒక కాలు నలిపి ముందు కాలికి, అది ఆ ముందు కాలికి, అట్టా నోటిదాకా!" వెనక ఇటుకలు పేరుకుపోయాయి. గోడమీంచి తాపీమేస్త్రి జ్ఞానయ్య కేకేశాడు: "నోరు ఇక్కడుందండీ మాస్టారూ! పస్తు పెట్టకండి, పంపండి!"