రికాబులు కురచైన ఏడు

కంటి ఆపరేషను కోసమని మనవరాలు నన్ను బెంగుళూరికి పిలుచుకొని పోయింది. కట్టు విప్పిన మర్నాడు ఉదయం కాఫీ గ్లాసు పట్టుకొని వాళ్ల మేడమీద నిలబడితే, రోడ్డుకు అవతల గోడ లోపల పందెపు గుర్రాలను తిప్పుతున్నారు. ఇన్నాళ్లూ మసకలో బతికిన కండ్లకు ఆ గుర్రాల తోకలు కూడా వెంట్రుకకు వెంట్రుక కనబడ్డాయి. రౌతులంతా ఒకే తీరు. రికాబులు బాగా పైకి కట్టుకొని, మోకాళ్లు గుర్రం భుజాల దాకా మడిచి, జీను మీద కూర్చోకుండా దాని మెడ మీదికి వంగి పోతున్నారు. వెన్ను నిలిపి కూర్చున్నవాడు ఒక్కడు లేడు. మనవరాలు వచ్చి, ఏమవ్వా, కంట్లో నీరు కారకూడదని డాక్టరు చెప్పలేదా అని మందలించింది. రికాబంటే రౌతు పాదం పెట్టుకొనే ఇనుప కడియమని, దాన్ని జానెడు పైకి కడితే ఒక ఇల్లు ఎట్లా తల్లకిందులైందో చెప్పాలంటే ఆ పిల్లకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తోచలేదు. కర్నూలు, కడప తిరునాళ్లలో గుర్రప్పందేలు చూసిన నా ఈడు వాళ్లు ఇంకా కొందరైనా ఉంటారు గదా, మీకైతే చెప్పుకోవచ్చుననిపించింది.

మా పుట్టినిల్లు జమ్మలమడుగు వైపు, పెన్న ఒడ్డున. నాయన నా చిన్నతనంలోనే పోతే అన్నే నన్ను పెంచి పెద్ద చేసినాడు. మా దూరపు చిన్నాయన ఒకాయన మద్రాసులో దొరల గుర్రపుశాలల్లో చాలాకాలం పనిచేసి, దగ్గు పట్టుకొని ఊరికి తిరిగివచ్చి, అక్కడ నేర్చుకున్నదంతా అన్నకు నేర్పినాడు. రికాబులు పైకి కట్టి, వీపు మీద బరువు పడకుండా ముందుకు వంగి, మొదటి అడుగు నుంచి ఆఖరు దాకా ఒకే ఊపున పోవటం ఆ తీరు. చెప్పటానికి సులభమే గాని, అట్లా వంగి నిలబడటానికి తొడల్లో బలం రావాలని చిన్నాయన అన్నను గోడకు వీపు ఆనించి, కింద పీట లేకుండానే పీట మీద కూర్చున్నట్టు నిలబెట్టేవాడు. అన్న పండ్లు బిగించుకొని కండ్లలో నీళ్లతో నిలబడటం చూసి నేను లోపలికి పారిపోయేదాన్ని. అట్లా ఏళ్లు గడిచినాయి. మా ఎర్రగుర్రాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ వంగిన మనిషిని మోయటానికే అలవాటు చేసినారు. ఉలవలు కొలిచి పెట్టేవారు, కడుపు ఎప్పుడూ తేలికగా ఉండాలి, పొద్దున చల్లటిపూట గట్టినేల మీద కొంచెంసేపే అయినా విసురుగా పరుగెత్తించాలి, అంతే.

నన్ను ఇచ్చింది కోవెలకుంట్ల వైపు, కుందూ నది పక్క పల్లెకు. అక్కడా గుర్రముంది, కాని అక్కడి శాస్త్రం వేరు. మా మరిదికి గుర్రపు స్వారి నేర్పినది వీధి చివర ఉండిన ముసలి సాయిబు. ఆయన ముత్తాతలు కర్నూలు నవాబు దగ్గర రౌతులట. పొడుగాటి రికాబుల్లో కాళ్లు చాపి, జీనులో కుదురుగా దిగి కూర్చొని, వెన్ను నిలిపి, చేతులు కదపకుండా తొడలతోనే గుర్రానికి మాట చెప్పటం ఆయన పద్ధతి. తెల్లగుర్రానికి శనగలు, బెల్లం, కొద్దిగా నెయ్యి. నల్లరేగడి చేలల్లో మైళ్లకొద్దీ నింపాదిగా నడిపించి దాని ఊపిరిని పెంచేవారు, కాలువలో ఈత కొట్టించేవారు. పందెంలో కూడా ముందు పోనియ్యకుండా పట్టి పట్టి, అందరూ అలసిపోయినాక, ఆఖరి మలుపు దాటిన తర్వాత మరిది ఒక్కసారి దాని మెడ మీదికి వంగేవాడు. అదే సైగ. అప్పుడు ఆ గుర్రం తనలో దాచుకున్నదంతా బయటపెట్టేది.

మా అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. మరిది నా ఈడువాడే అయినా అన్నం నేను పెడితేనే తినేవాడు. సాయిబు పోయినాక కూడా ఆయన మాట చెప్పకుండా గుర్రమెక్కేవాడు కాదు. మా ఆయనకు గుర్రాలంటే భయం. వ్యవసాయమంతా ఆయనది, గుర్రం పెత్తనమంతా మా మామది.

ఉగాది వెళ్లినాక రెండు జిల్లాల పొలిమేరలో జరిగే తిరునాళ్లలో ఈ రెండు గుర్రాలకే పోటీ. రెండిండ్లూ ఎరిగిన మనిషిని నేనొక్కదాన్నే గనుక పందెంరాయుళ్లకు నేనొక వార్తాపత్రికనైపోయినాను. ఏదో పనుందని వచ్చి, అరుగు మీద మజ్జిగ తాగుతూ, "ఏమ్మా, మీయన్న గుర్రం మేత బాగా తింటాండాదా?" అని మెల్లగా మాట తీసేవారు. తింటాండాదో లేదో గుర్రాన్నే అడుగుపోన్నా అని నవ్వి లోపలికి పోయేదాన్ని. పుట్టింటికి పోతే అక్కడి వాళ్లు మా మరిది ఒళ్లు చేసినాడా, చిక్కినాడా అని అడిగేవారు. అక్కడా అదే జవాబు. గెలిచినా ఓడినా పందెం అయినాక మా అన్న మా ఇంట్లోనే భోంచేసి పోయేవాడు. అంతవరకు అది ఆటే.

కర్నూలు రాజధాని అయిన ఏడు నుంచి ఆ గాలి మారింది. గుడారాల్లో ఆఫీసులు పెట్టినారని, ఊరంతా కొత్త మనుషులేనని విన్నాము. ఆ కొత్తవాళ్లలో కంట్రాక్టర్లు, వాళ్ల స్నేహితులు కార్లు వేసుకొని మా తిరునాళ్లకు కూడా రావటం మొదలుపెట్టినారు. ఆ సంవత్సరం ఎర్రగుర్రం తల మందాన గెలిచింది. మద్రాసు రేసులు చూసినవాళ్లు గనుక వాళ్లు మా మరిది కూర్చున్న తీరు చూసి, పెండ్లికొడుకు ఊరేగుతున్నాడా, పందెం తోలుతున్నాడా అని పకపకా నవ్వినారు. ఓడిపోయినందుకు మా మామ ఏమీ అనుకోలేదు. ఆ నవ్వు మాత్రం ఆయన గుండెలో ముల్లులాగా దిగబడిపోయింది.

మరుసటి పందేనికి కొన్ని వారాలుందనగా ఆయన పట్నం నుంచి ఒక రౌతును పిలిపించినాడు. ఆ మనిషి చెడ్డవాడేమీ కాదు, తనకు వచ్చిన విద్య చెప్పి కూలి తీసుకుపోవటానికి వచ్చినాడు. వచ్చీరాగానే రికాబులు పైకి కట్టించి మరిదిని వంగమన్నాడు. శనగలు మాన్పించి, నల్లరేగడి నడక మాన్పించినాడు. సాయంకాలం మరిది గుర్రం దిగితే తొడలు వణికి గోడ పట్టుకొని లోపలికి వచ్చేవాడు. దానికన్నా గుర్రాన్ని చూస్తేనే నాకు భయమేసేది. మరిది మెడ మీదికి వంగినాడంటే ఆఖరి పరుగే అనుకొని అది మొదట్లోనే బాణంలాగా పోయేది, కొంతదూరం పోయినాక నోట నురగలు కక్కుతూ తూలేది. చూసేవాళ్లకు ఆ మొదటి వేగమే కనబడి భళీ అనేవారు.

నేను అప్పుడు తొలిచూలు కడుపుతో ఉన్నాను. మామ ముందు నిలబడి మాట్లాడటం అలవాటు లేకపోయినా ఒకనాడు ఉండబట్టలేక అన్నం వడ్డిస్తూనే అనేసినాను.

"మామా, మరిది వంగితే మన గుర్రానికి అదే ఆఖరని గుర్తు. మొదట్లోనే వంగితే ఉన్నదంతా అప్పుడే పెట్టేస్తాది. మాయన్న గుర్రం సంగతి వేరే, దానికి పుట్టినకాడ్నుంచీ అదే అలవాటు."

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. "గుర్రాల సంగతి నాకు చెప్పేంత దానివైనావా? నీకు ఈ యింటి గుర్రం గెలవల్లనా, పుట్టింటి గుర్రం గెలవల్లనా, ముందు అది చెప్పు," అన్నాడు. మా ఆయన తలవంచుకొని అన్నం కలుపుకుంటూనే ఉండినాడు.

పెరట్లో చెయ్యి కడుక్కుంటూ మరిది నాతో మెల్లగా అన్నాడు. "నువ్వు చెప్పింది నాకు తెల్దా వదినా? గుర్రానికే తెలుస్తాండాది. నాయన నవ్వులపాలయినాడు, ఈ ఒక్క ఏడు ఆయన మాట పోనీలే."

ఆ పందెం నేను ఎద్దులబండి మీద ఆడవాళ్లతో కూర్చొని చూసినాను. జొన్న కోసిన బయలు, దుమ్ము, మండే ఎండ. తెల్లగుర్రం మొదటినుంచే అందరినీ వెనకేసి పోతుంటే కర్నూలు వైపు జనం తలగుడ్డలు ఎగరేసినారు. మామ అరుగు ఎత్తు రాయి మీదెక్కి రెండు చేతులూ పైకెత్తినాడు. నాకు మాత్రం కడుపులో బిడ్డ కదిలినట్టు కూడా తెలియలేదు. ఆఖరి మలుపు దగ్గరికి వచ్చేసరికి దాని తల కిందికీ మీదికీ ఊగటం మొదలైంది. ఎర్రగుర్రం చాలా ఎడంగా, అవతలి పక్క నుంచి వస్తోంది. తెల్లగుర్రం ముందుకాళ్లు మడతపడినాయి. పొడుగు రికాబుల్లో ఉంటే మరిది ఎట్లాగో నిలదొక్కుకొనేవాడు, ఆ పైకి కట్టిన రికాబుల్లో పట్టు లేక భుజం మీదుగా పడినాడు, గుర్రం వచ్చి ఆయన తొడ మీద పడింది.

అప్పటికి మా అన్న ముందర ఎవరూ లేరు. ఊరికే కూర్చున్నా గెలిచేవాడు. ఆయన పగ్గాలు బిగబట్టి గుర్రాన్ని ఆపి, దూకి, వెనక్కి పరుగెత్తి మరిదిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. వెనక వచ్చిన వేరే ఊరి గుర్రమేదో గెలిచిపోయింది. ఎర్రగుర్రం మీద కాసిన కడప వాళ్లు, అన్న అమ్ముడుపోయి కావాలనే ఆపినాడని అరిచినారు. తెల్లగుర్రం మీద కాసినవాళ్లు, అన్నే అడ్డం వచ్చి పడగొట్టినాడని రాళ్లు తీసుకున్నారు. రెండు పక్కల నుంచీ రాళ్లు పడుతుంటే మా అన్న మరిది ముఖానికి తన చెయ్యి అడ్డం పెట్టి మోసుకొచ్చినాడు. మా మామ ఎదురుపోయి, "ముట్టుకోవద్దు నా కొడుకును," అన్నాడు. ఆ గొంతు నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

తొడ ఎముక అతుక్కుంది గాని ఆ కాలు పొట్టిదైపోయింది. ఎర్రగుర్రం అడ్డం రాలేదని మరిది మంచంలో నుంచి ఎన్నిసార్లు చెప్పినా, మీ వదిన కోసం చెప్తాండావులే అని మామ అవతలికి పోయేవాడు. ఆ మాట నమ్మితే తప్పు ఎవరి మీదికి వస్తుందో ఆయనకు తెలియక కాదు. కాన్పుకు నన్ను పిలుచుకుపోవటానికి అన్న పంపిన బండి, మామ వద్దనటంతో ఊరి పొలిమేర నుంచే వట్టిగా తిరిగిపోయింది. తొలికాన్పు అత్తగారింట్లోనే అయింది. కొడుకు పుట్టినాడని మా వాళ్లకు ఎవరు చెప్పినారో, అసలు చెప్పినారో లేదో కూడా నాకు తెలియదు. నొప్పుల కన్నా అదే నన్ను ఎక్కువ బాధించింది. మా ఆయన ఒక మాట మామతో గట్టిగా అంటాడని ఎదురుచూసి చూసి అదీ మానుకున్నాను.

ఏడాది దాటినాక ఒకనాడు పొద్దున మరిది కర్ర పట్టుకొని కొట్టానికి పోయి, తెల్లగుర్రానికి జీను వేయమన్నాడు. దానిని మామ అమ్మలేదు, దాని ముఖమూ చూడలేదు. మరిది రికాబులు కిందికి దింపించి, పొట్టికాలి వైపుది కొంచెం పైకి కట్టించుకొని, జీతగాని భుజం మీద చెయ్యి వేసి ఎక్కినాడు. ఎక్కి కూర్చున్నాక ఆయన కుంటివాడని ఎవరూ చెప్పలేరు. సాయిబు నేర్పినట్టే వెన్ను నిలిపి, ఎక్కడికో చెప్పకుండా పోయినాడు. ఆ రాత్రి తిరిగి రాలేదు. మామ అరుగు మీదే కూర్చొని ఉన్నాడు, అన్నం ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం వీధిలో రెండు గుర్రాలు వచ్చినాయి. తెల్లదాని పక్కన ఎర్రది, దాని మీద మా అన్న. వీధిలో వాళ్లంతా తలుపుల్లోకి వచ్చి నిలబడినారు. మరిది గుర్రం మీదనే ఉండి, అందరూ వినేటట్టు అన్నాడు.

"నాయనా, బావ అడ్డం రాల్యా. గెలిచే పందెం ఇడిసిపెట్టి నన్నెత్తుకున్యాడు. ఈ మాట నేను మంచంలో ఉండి చెప్తే నమ్మకపోతివి. ఇప్పుడు గుర్రం మీద ఉండి చెప్తాండా. బావను ఇంట్లోకి రానియ్యకుంటే నేనూ దిగను."

మా అన్న తల ఎత్తలేదు. ఆ తర్వాత మామ అరుగు దిగి ఎర్రగుర్రం దగ్గరికి పోయి, దాని కాలు మోకాలి నుంచి గిట్ట దాకా తడిమి చూసి, పగ్గం తన చేతిలోకి తీసుకొని కొట్టంలోకి నడిపించుకొని పోయినాడు. పోతూ పోతూ నా వైపు చూడకుండానే, "ఏమ్మా, మీయన్న వచ్చినాడు, కాళ్లకు నీళ్లియ్యి," అన్నాడు. నేను చెంబు తీసుకోకుండా బిడ్డనే తీసుకొని పోయినాను. అన్న కాళ్లు కడుక్కోకుండానే వాణ్ణి ఎత్తుకున్నాడు.

మామ మళ్లీ తిరునాళ్లకు పోలేదు. ఏ యింటి గుర్రం గెలవల్లని నన్నడిగిన ఆ మాటను ఆయన వెనక్కి తీసుకోనూ లేదు, నేను అడగనూ లేదు. మరిది పెండ్లి చేసుకోలేదు. ఊరూరూ తిరిగి మొండి గుర్రాలను దారికి తెచ్చేవాడు. బస్సులు వచ్చి గుర్రాలు తగ్గిపోయినాక ఇంట్లోనే ఉండి నా బిడ్డలను పెంచినాడు. అన్న పోయినాడు, మా ఆయన పోయినాడు, మరిది కూడా పోయి చాలా ఏండ్లయింది.

ఆ కాలం మంచిదని నేననను. ఆ రాళ్లు వేసినవాళ్లు మన మనుషులే. కాని ఒకటి చూసినాను. మరిది మంచం పట్టి ఉన్నప్పుడు ఆ పందెంరాయుళ్లే ఒక్కొక్కరుగా వచ్చినారు, ఒకడు అరటిపండ్లు తెచ్చి గడప దగ్గర పెట్టి పోయినాడు, ఒకడు మంచం పట్టె పట్టుకొని ఏడ్చినాడు. వాళ్లకు ఆ కాలు చూడకుండా ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే ఆ కాలు వాళ్ల వీధిలోనే నడవాల. ఇప్పుడు మా ఊళ్లో పిల్లలు అరుగుల మీద ఒకరి పక్కన ఒకరు కూర్చొని, మాటా పలుకూ లేకుండా ఫోన్లలో పందేలు కాస్తారు. ఎక్కడో ఎవరో ఆడతారట, వీళ్లు ఇక్కడ గెలుస్తారట, ఓడతారట. అక్కడ పడినవాడు ఎవరి కొడుకో, లేచినాడో లేదో వాళ్లెవరికీ తెలియదు. ఒకసారి అడిగినాను కూడా. అది మాకెందుకవ్వా అన్నాడు ఒకడు, మర్యాదగానే.