పసుపు బనీన్ల క్లబ్బు

మన జమ్మలమడుగు ఫుట్‌బాల్ క్లబ్బు పులివెందులకు తరలిపోవడం లేదు మిత్రులారా, మన ఊళ్లోనే ఉంటోంది! క్లబ్బు కార్యదర్శి అయిన మా అమ్మాయి ఫోన్ చేసేసరికి నేను పసుపంటిన తువ్వాలుకు సబ్బు రుద్దుతున్నాను. అది ఎర్రబడింది.

గుర్తుందా, మా అమ్మ ఆటగాళ్ల బనీన్లను రాగి అండాలో పసుపు నీళ్లలో ముంచేది. చెల్లెలు సబ్బు పెట్టి ఉతికితే అన్నీ ఎర్రమచ్చలు. ఆ పసుపూ ఎరుపులే మన రంగులయ్యాయి. ప్రొద్దుటూరు షావుకారొకాయన, పెద్ద మైదానం ఇస్తాను, క్లబ్బును పంపండి అన్నప్పుడు అమ్మ, "కావాలంటే ఆడేటోళ్లను పిల్చుకపోండప్పా, పేరూ బనీన్లూ ఈ ఊరివి" అంది.

నిన్న పులివెందుల వాళ్లు గడ్డి మైదానం చూపించినా మా అమ్మాయి ఆ మాటే అందట. వాళ్లు నవ్వి, "సరేలే అక్కా, మేము కొత్త క్లబ్బు పెట్టుకుంటాం, మొదటి ఆట మీతోనే" అన్నారట.

ప్రొద్దుటూరు పెద్దక్కకు, చెన్నూరు బావకు, వల్లూరు వియ్యంకుడికి ఎవరైనా చెప్పండి. చెల్లెలికి మాత్రం నేనే చెబుతా. ఆ సబ్బుకు తిన్న తిట్లు తను ఇంకా మరచిపోలేదు.