నేను ఆడని ఊరు

ఈ మాట ఇన్నేళ్లుగా నా దగ్గరే ఉంది. బరువుగా ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం అన్నం తిని కాస్త ఒరిగినప్పుడు, కన్ను అంటుకుంటున్న వేళ, నీళ్ల అడుగున ఒక వీధి కనిపిస్తుంది. ఇళ్లున్నాయి. తలుపులు తెరిచే ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు. లేకపోవడానికి కారణం నేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోయినప్పుడల్లా మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

ముందు ఆట సంగతి చెప్పాలి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వనపర్తిలో సత్తెన్న అని ఒకాయన ప్రెస్సు నడిపేవాడు. పెళ్లి పత్రికలు, బిల్లు బుక్కులు అచ్చువేయడం ఆయన పని. హైదరాబాదులో ఎవరో ఇంగ్లీషు ఆట ఆడుతుంటే చూసొచ్చాడట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు పుస్తకం పట్టుకుని కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. నువ్వు కోట గుమ్మం ముందున్నావు, ఇప్పుడేం చేస్తావు అని కథ నడిపేవాడు అడుగుతాడు. వాళ్లు చెప్పాలి, పాచిక వేయాలి, పడినదాన్ని బట్టి కథ ముందుకు పోతుంది. సత్తెన్నకు అది తలకెక్కింది. మన వైపు కోటలు, గుట్టలు, వాగులు పెట్టి తెలుగులో అలాంటి పుస్తకాలు వేయడం మొదలుపెట్టాడు. దానికి దారికథ అని పేరు పెట్టాడు. ఎండాకాలానికి ఒక పుస్తకం. కొనేవాళ్లు పెద్దగా లేరు గానీ ఉన్న కొద్దిమందిమీ పిచ్చివాళ్లమే.

నేనప్పుడు గద్వాలలో ఒక మందుల దుకాణంలో పనిచేసేవాణ్ణి. దుకాణం మీది గదిలో ఆదివారం మధ్యాహ్నాలు మా గుంపు కూర్చునేది. కథ నడిపేది నేనే. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, ఫ్యాను కింద కూర్చుంటే సాయంత్రం ఎప్పుడయ్యేదో తెలిసేది కాదు. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక కూడా కాసేపు మేమెవరమో మాకు గుర్తొచ్చేది కాదు. అంత సుఖం నాకు మళ్లీ దొరకలేదు.

సత్తెన్న ఒక పద్ధతి పెట్టాడు. అచ్చుకు పోయేముందు ప్రతి పుస్తకాన్నీ మూడు ఊళ్లలో ఆడి చూడాలి. వనపర్తిలో ఒక గుంపు, నాగర్‌కర్నూల్లో ఒకటి, గద్వాలలో మాది. జిరాక్స్ ప్రతిని బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు, మేము బస్టాండుకు పోయి తెచ్చుకునేవాళ్లం. చదివి చెప్పే తీర్పు చెల్లదు. కడదాకా ఆడి చెప్పాలి. చెప్పాల్సింది కూడా ఒకటే మాట. పానముంది, లేదంటే పానం లేదు. పానమంటే మా వైపు ప్రాణం. మూడు ఊళ్లూ పానముందంటేనే అచ్చు. ఒక్క ఊరు లేదన్నా ఆ పుస్తకం పక్కకు పోయినట్టే. ఎందుకని ఆయన అడిగేవాడు కాదు. ఆడినవాళ్ల మాట మీద ఆయనకు అంత నమ్మకం.

మొదటి పుస్తకాలు ఎంత బాగుండేవో! తరువాత కాగితం పలచబడింది. కుట్టు ఊడిపోయేది. ఒక పుస్తకంలో కోట పటమే వేయడం మరిచారు. కథలో మళ్లీ అదే నిధి, నిధి మీద అదే పాము. దారికథ పాడైపోయిందని అందరూ అనసాగారు. అందరికంటే గట్టిగా అన్నది నేను. అందులో అబద్ధం లేదు. నా అబద్ధం దాని చాటున దాక్కున్నది, అంతే.

సరిగ్గా అప్పుడే రజియా కొత్త పుస్తకం రాసింది. రజియాది అమరచింత. అక్కడ ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. మొదట్లో మేమందరం ఎగబడి ఆడిన పుస్తకాల్లో ఒకటి ఆమెదే. ఆమె పుట్టిన ఊరు మాత్రం అమరచింత కాదు. ఆమె చిన్నప్పుడే అది ప్రాజెక్టు నీళ్ల కింద పోయింది. ఈసారి ఆ ఊరినే ఆటగా రాసింది. ఇది అచ్చయితే మన పేరు మళ్లీ నిలబడుతుందని సత్తెన్న ఫోనులో నాతో అన్నాడు. ఆయన గొంతులో అంత ఆశ అంతకుముందు నేను వినలేదు.

ప్రతి వచ్చింది. దుకాణంలో బేరం లేని పూట తిరగేశాను. రాజు లేడు, నిధి లేదు, పాము లేదు. ఆడేవాళ్లు నీళ్లలోకి దిగి ఒక వీధి వెంట నడుస్తారు. ఒక్కో ఇంటికి రెండు మూడు వాక్యాలు. ఈ తలుపుకు పచ్చరంగు, ఈ అరుగు మీద చేపలు తిరుగుతున్నాయి, అంతవరకే. ఆ కింద అంతా ఖాళీ. ఈ ఇంట్లో ఎవరున్నారో ఆడేవాళ్లనే అడగండి అని మాత్రం రాసి ఉంది. ప్రతి ఇంటికీ అదే. కాగితం నిండక ఇలా చేసిందనుకున్నాను. తెల్ల కాగితాలు అమ్ముతున్నారనుకున్నాను.

మీకు ఇంకొకటి చెప్పాలి. అప్పటికే మా గుంపు చెదిరిపోయింది. ఒకతనికి బదిలీ అయ్యింది. ఇంకొకతను రాయచూరులో దుకాణం పెట్టుకున్నాడు. మూడో అతను ఏ కారణమూ లేకుండానే రావడం మానేశాడు. ఈ సంగతి నేను వనపర్తిలో ఎవరికీ చెప్పలేదు. గద్వాల గుంపు అంటే పేరుండేది, మెప్పించడం కష్టమని. ఆ పేరు నాకు కావాలి. ఆ ఆదివారం కబురు పెట్టాను. చాప పరిచాను. గోనెపట్టా తడిపాను. పాచికలు మధ్యలో పెట్టి కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని నిద్రపోయాను. మేము ఆడడం అంటే అదే.

తీర్పు చెప్పడానికి వనపర్తి పోయాను. ప్రెస్సులో సత్తెన్న ఉన్నాడు, పక్కన రజియా ఉంది. మిగతా రెండు ఊళ్లూ పానముందని అప్పటికే చెప్పాయట. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది.

"ఆడిన్రా అన్నా?"

"ఆడినం."

"మీ ఆటల ఆ ఇండ్లల్ల ఎవరెవరు కనవడ్డరు?"

ఈ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. ఏదో ఒక పేరు చెప్పి ఉండొచ్చు. ఆడలేదని చెప్పి ఉండొచ్చు. ఎవరూ రావడం లేదని చెప్పడానికి సిగ్గేసింది.

"ఎవ్వరు కనవడలే. అన్ని ఖాళీగనే ఉండె. పానం లేదు."

"గంతమంది కూసొని పిలిచినా ఎవ్వరు రాలేదా?"

"రాలే."

"సరే అన్నా. ఎండల వడి వచ్చినవు, జర చాయ తాగి పో."

చాయ తాగాను. సత్తెన్న ఆ ప్రతిని తీసి అటక మీద పెట్టాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నేనేం చెప్పానో నాకు అర్థం కాలేదు. నేను ఒక పుస్తకం గురించి మాట్లాడాననుకున్నాను. ఆమె విన్నది వేరు. ఇంతమంది పరాయివాళ్లు మా వీధిలోకి పోయి ఇంటింటి ముందు నిలబడి పిలిచారు, లోపలినుంచి ఎవరూ పలకలేదు. ఆమె విన్నది అది. దిగి వెనక్కి పోవాల్సింది. పోలేదు. ఎందుకు పోలేదు? అసూయ అయితే బాగుండేది, అసూయకు కనీసం ఒక బలం ఉంటుంది. నాది ఉత్త సిగ్గు.

ఆ ఎండాకాలానికి వేయడానికి వేరే పుస్తకం లేక సత్తెన్న పాతదాన్నే పేర్లు మార్చి వేశాడు. కొన్నవాళ్లు తిట్టిపోశారు. మరుసటి ఎండాకాలం పుస్తకం అసలే రాలేదు. ఆయన పెళ్లి పత్రికలకే పరిమితమైపోయాడు. రజియా మళ్లీ రాయలేదని విన్నాను. పాత ఆటగాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే చర్చ, దారికథ ఎక్కడ చెడింది అని. కాగితం దగ్గర అని ఒకరు, సత్తెన్న కక్కుర్తి దగ్గర అని ఒకరు. నేనూ అందులో కూర్చుని తల ఊపాను. ఎక్కడ చెడిందో ఆ కూర్చున్నవాళ్లలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

కొన్నేళ్లకు, నాకు పెళ్లయ్యాక, ఇల్లు మారుతుంటే నా దగ్గరి జిరాక్స్ ప్రతి బయటపడింది. నా భార్య ఇదేంటని అడిగింది. మధ్యాహ్నం తీరికగా ఉన్నాం, ఆమె తమ్ముడూ వచ్చి ఉన్నాడు. ఆడదామన్నాను. ఇద్దరూ ఎన్నడూ ఆడినవాళ్లు కాదు. నీళ్లలోకి దింపాను. పచ్చతలుపు ఇంటి ముందు నిలబెట్టి, లోపల ఎవరున్నారని అడిగాను. తడుముకుంటారనుకున్నాను. నా భార్య ఒక్క క్షణం కూడా ఆగలేదు. వాళ్ల చిన్నమ్మ ఉందట, కందులు విసురుతోందట, తిరగలి తిరుగుతుంటే నీళ్లు మెల్లగా సుడి తిరుగుతున్నాయట. ఆ చిన్నమ్మ చనిపోయి చాలా కాలమైంది. ఆమె గురించి నా భార్య నాతో ఎన్నడూ చెప్పి ఉండలేదు. పక్కింట్లో తమ్ముడికి వాళ్ల పాత సారు కనిపించాడు, మునిగిన బడిలో హాజరు పిలుస్తూ. సాయంత్రానికి వీధి నిండిపోయింది. పైకి రమ్మంటే ఇద్దరూ రామన్నారు. నేను పుస్తకం మూసి వంటింట్లోకి పోయి మొహం కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

దారికథ పుస్తకాలన్నింటిలో పానమున్నది అదే.

ఆ తరువాత ఒకసారి వనపర్తి బస్టాండులో రజియా కనబడింది. తనే పలకరించింది. మీ ఆట గుంపోళ్లంతా బాగున్నారా అని అడిగింది. బాగున్నారన్నాను. ఆమె బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను, చేతిలో మందుల సంచితో. చెప్పొచ్చు కదా? చిన్నమ్మ కనిపించిందని, బడి కనిపించిందని చెప్పి ఉంటే ఆమెకు ఎంత ఊరట! కానీ అది చెప్పాలంటే ముందు ఆ మొదటి మాట చెప్పాలి.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఆమె చేతుల్లో ఉందేమో, ఆమెకు నేను ఆ అవకాశమే ఇవ్వలేదు. ఇప్పుడు మీ ముందు ఆ మాట ఒక్కసారి బయటికి అని చూసుకోవాలనిపించింది, అంతే.

ఆడలే, రజియా. పిలిస్తే రానిది మీ ఊరోళ్లు గాదు, మావోళ్లు. ఆ గదిల నేనొక్కన్నే ఉంటి.