మిర్చి గోనె పొగ

ఆ రోజుల్లో, అంటే నాకు ఇరవై ఏళ్ళప్పుడు, నాకు రాని విద్యంటూ ఉండేది కాదు, పోటీ పరీక్షలు పాసవడం తప్ప. (అది ఇప్పటికీ రాలేదు.) ఖమ్మంలో రెండేళ్ళు కోచింగ్ తీసుకుని, ఉత్త చేతులతో వేంసూరు దగ్గరి మా ఊరికి తిరిగొచ్చి, మూడు రోజుల శిక్షణతో తేనెటీగల పెంపకంలో పండితుణ్ణయిపోయాను. భద్రాచలం అడవి వైపు పల్లెలో ఉండే తేనె తాత (అసలు పేరు మాకెవరికీ తెలియదు) చెట్టు తొర్రలోని ఈగల్ని రాణితో సహా తెచ్చి, మా పెరట్లో పెట్టెలోకి ఎక్కించి, "వారం దాక మూత ముట్టకు బిడ్డా. గుడ్లు పెట్టిందంటే ఇగ అవి నీ ఈగలే" అని చెప్పి వెళ్ళాడు. మా బాబాయి మాత్రం "ఈగలు నిలిస్తె సరే. లేకుంటె సోమవారం మళ్ల ఖమ్మం బస్సెక్కుడే" అని తీర్పు చెప్పేశాడు. ఆ వారం పెట్టె చుట్టూ తిరిగినన్నిసార్లు గుడి చుట్టూ తిరిగి ఉంటే ఉద్యోగమే వచ్చేదని అమ్మ అనేది.

ఎనిమిదో రోజు పొద్దున తనిఖీకి బయలుదేరాను. ఒంటికి నాన్న రెయిన్‌కోటు, తలకు దోమతెర ముక్క, చేతులకు సాక్సులు. శిక్షణలో చెప్పినట్టే డబ్బాలో పాత గోనె ముక్క రాజేసి, మూత పక్కకు జరిపి, ధారాళంగా పొగ పెట్టాను. పొగకు ఈగలు నెమ్మదిస్తాయని పాఠం. మా ఇంట్లో మిర్చి మోయని గోనె ఒక్కటీ లేదన్న సంగతి పాఠంలో లేదు. ముందు నాకు దగ్గొచ్చింది, తర్వాత మంచం మీద టీ తాగుతున్న బాబాయికి, ఆపైన పక్కింటివాళ్ళకు. "ఏందిరా గిది! మనుషులను సంపుతవా?" అంటూ బాబాయి గ్లాసు వదిలేసి వీధిలోకి ఉరికాడు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొచ్చి డబ్బా మీద బిందెడు నీళ్ళు గుమ్మరించేసరికే ఈగలన్నీ ఒక్కసారిగా లేచిపోయి జామకొమ్మకు గుత్తిలా వేలాడాయి. ఖాళీ పెట్టె ముందు కూలబడి ఏడ్చాను. (ఘాటుకు కళ్ళు కారుతున్నాయని అందరికీ చెప్పాను.)

అమ్మ ఫోన్ చేస్తే తేనె తాత మధ్యాహ్నానికల్లా వచ్చాడు. తిట్లు తినడానికి సిద్ధపడి తల వంచుకున్నాను. ఆయన పెట్టెను వాసన చూసి, "ఎంత కారం తింటర్రా మీరు!" అని పకపకా నవ్వాడు. తేనెపట్టు కట్టిన చట్రాలు బయటికి తీసి, వాటిలో ఒకటి ఎండకు పట్టి, "గుడ్లు కనపడుతున్నయా?" అని అడిగాడు. వాచిన కళ్ళకు ఏమీ కనపడలేదు. "అవ్ తాతా" అన్నాను. "అబద్ధం. కండ్లు కడుక్కోని రాపో" అన్నాడు. మూడుసార్లు కడుక్కున్నాక పట్టులోని ఒక చిన్న గది అడుగున దారప్పోగంత సన్నని తెల్లటి గుడ్డు నిలబడి కనిపించింది. "రాణి పని మొదలుపెట్టింది. ఇగ యాడికి పోతయ్?" అని, ఘాటు పోయేదాకా పెట్టెకు నాతో చేటతో విసిరించాడు. చేతులు పడిపోయేలా విసిరాను. చట్రాలు సర్ది, రాణి ఉన్న గుత్తిని వట్టి చేతులతో దించి లోపల వదిలాడు. మిగతా ఈగలు బారులు తీరి వెనకే నడిచి వెళ్ళాయి. బాబాయి గోడ పక్కన నిలబడి చివరి ఈగ దాకా చూశాడు. సోమవారం ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఆ రోజు తాత కసిరి ఉంటే నేను బస్సెక్కేవాణ్ణే. ఈనాడు ఊరంతా నన్ను ఈగల సారు అంటోందంటే ఆయన నవ్విన ఆ నవ్వు చలవే. మొన్న బోనకల్ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. కొత్త పెట్టెను రోజుకు మూడుసార్లు తెరిచి చూసిందట, ఈగలు లేచిపోయాయట. "చదువుకున్నోళ్ళు గిట్ల చేస్తరా?" అని కసిరి పెట్టేశాను. పెట్టేశాక, దోమతెరలో దగ్గుతున్న ఆ మొద్దబ్బాయి గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది. వెంటనే మళ్ళీ చేశాను.

"అక్కా, అవి ఏ కొమ్మ మీదున్నయో చూసి పెట్టు. నేనొస్తున్న."